యంత్రం భద్రమే, మరి మనిషో?

(హక్కుల అవగాహన తరగతిలో మేము చేసిన ప్రసంగానికి రాతరూపం)



ఇవాళ మేము మాట్లాడబోయే విషయం మన వాడకు చాలా దూరమని మీలో కొంతమందికి అనిపించొచ్చు. కరెంటు షాకుతో మనిషిని కూలదోసే తుపాకి గురించీ, గుండెకు యంత్రం పెట్టించుకున్న మనిషి గురించీ మాట్లాడతాం. ఆ తుపాకి పుట్టింది అమెరికాలో. దాని మీద జరిగిన పరిశోధనలు, కోర్టు కేసులు, చావులు ఎక్కువ భాగం అమెరికా, కెనడాలవే. మరి మనకెందుకీ గోల అంటారా? రెండు కారణాలున్నాయి.

ఒకటి, మన వాడల్లో ఇప్పుడు గుండెకు పేస్‌మేకర్ పెట్టించుకున్నవాళ్ళు ఉన్నారు. ఒకప్పుడు అది కలవారి జబ్బు, కలవారి వైద్యం. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరోగ్యశ్రీ మొదలయ్యాక కూలికి పోయే మనిషి ఛాతీలోకి కూడా ఆ యంత్రం వచ్చింది. రెండు, మనిషి ఒంటికి కరెంటు పెట్టడం మన లాకప్పులకు కొత్త సంగతి కాదు. ఈ దేశంలో హక్కుల సంఘాలు దశాబ్దాలుగా రాసిన నివేదికలు తిరగేస్తే ఆ మాట పేజీ పేజీకీ కనపడుతుంది. ఆ పాత పనికి రేపు కొత్త పరికరం వచ్చి, "ఇది సైన్సు, ఇది భద్రం" అన్న ముద్ర వేసుకుని నిలబడితే, ఆ ముద్రను చదవడం మనకు తెలిసుండాలి. అందుకే ఈ మాటలు.

ప్రశ్న చిన్నదే. గుండెలో యంత్రం ఉన్న మనిషికి షాకు తుపాకి తగిలితే ఏమవుతుంది? దీనికి జవాబుగా మనకు వినపడేది, "యంత్రానికేం కాదు" అని. ఆ మాట చాలావరకు నిజమే. కానీ మనం అడిగింది మనిషి గురించి. వాళ్ళు చెప్పింది యంత్రం గురించి. ఈ రెంటికీ మధ్య ఒక సందు ఉంది. ఆ సందులో మనిషి ప్రాణం పోవచ్చు. మేము చెప్పదల్చుకున్నదంతా ఆ సందు గురించే.

తుపాకి సంగతి

ముందు ఆయుధాన్ని తెలుసుకుందాం. జాక్ కవర్ అనే అమెరికా శాస్త్రవేత్త 1970లలో దీన్ని తయారుచేశాడు. చిన్నప్పుడు చదివిన పిల్లల కథల్లోని ఒక హీరో పేరు మీద దానికి 'టేజర్' అని పేరు పెట్టాడు. 1993లో అరిజోనా రాష్ట్రంలో ఒక కంపెనీ మొదలై దాన్ని వ్యాపారం చేసింది. 1999లో ఎం-26 రకం, 2003లో ఎక్స్-26 రకం వచ్చాయి. అక్కడి నుంచి అమెరికా పోలీసుల నడుముకు అది మామూలు సామానైపోయింది. ఆ కంపెనీ 2017లో తన పేరును యాక్సాన్ అని మార్చుకుంది.

దీని ట్రిగ్గర్ నొక్కితే గుండు రాదు. సన్నని తీగలు కట్టిన రెండు ముళ్ళు దూసుకొచ్చి ఒంట్లో దిగుతాయి. ఆ రెండు ముళ్ళ మధ్య ఉన్న ఒంటిలోంచి కరెంటు పోతుంది. 50,000 వోల్టులని ప్రచారం చేస్తారు. ఆ వోల్టేజి గాలిని, బట్టను దాటడానికి. ఒంట్లోకి చేరేసరికి సుమారు 1,200 వోల్టులుంటుంది. ఎక్స్-26 రకం సెకనుకు సుమారు 19 దెబ్బల చొప్పున 5 సెకన్లు కొడుతుంది. అంటే ఒక్కసారి నొక్కితే 95 దెబ్బలు. వేలు తియ్యకుండా పట్టుకుంటే 5 సెకన్లతో ఆగదు, కొడుతూనే ఉంటుంది. కండరాలన్నీ బిగుసుకుపోయి మనిషి కొయ్యలాగా పడిపోతాడు. ముళ్ళు లేకుండా తుపాకి మూతినే ఒంటికి ఆనించి షాకు ఇవ్వొచ్చు కూడా. అట్లా ఇచ్చినప్పుడు మనిషి పడిపోవడం కంటే నొప్పే ఎక్కువ. లొంగదీయడానికి నొప్పి పెట్టడమన్న మాట. దానికి మన భాషలో పేరేంటో మీకు మేము చెప్పక్కర్లేదు.

గుండెలో యంత్రం సంగతి

మన గుండె కూడా కరెంటుతోనే కొట్టుకుంటుంది. గుండెలోనే ఒక చోట చిన్న విద్యుత్తు పుట్టి, కిందికి పాకి, కండరాన్ని ముడిపిస్తుంది. ఆ దారి దెబ్బతిన్నవాళ్ళకు గుండె మరీ నెమ్మదిగా కొట్టుకుంటుంది, కళ్ళు తిరిగి పడిపోతారు. వాళ్ళకు పెట్టేది పేస్‌మేకర్. కాలర్ ఎముక కింద, చర్మం లోపల అగ్గిపెట్టంత డబ్బా ఉంటుంది. దాన్నుంచి తీగ గుండె లోపలికి పోతుంది. గుండె కొట్టుకుంటుంటే అది ఊరుకుంటుంది. ఒక దెబ్బ తప్పితే వెంటనే తానొక చిన్న కరెంటు దెబ్బ ఇస్తుంది.

ఇంకో రకం యంత్రం ఉంది. గుండె ఒక్కసారిగా అదుపు తప్పి గిలగిల వణికిపోతే, రక్తం ముందుకు పోక మనిషి నిమిషాల్లో చనిపోతాడు. ఆ వణుకును కనిపెట్టి లోపల్నుంచే పెద్ద షాకిచ్చి గుండెను దారిలో పెట్టే యంత్రాన్ని డాక్టర్లు ఐ.సి.డి. అంటారు.

ఇక్కడొక సంగతి గట్టిగా గుర్తుపెట్టుకోండి. ఈ రెండు యంత్రాలూ గుండెను చూడవు. తీగ గుండా వచ్చే కరెంటును వింటాయి. విన్నదాన్ని బట్టి నిర్ణయం తీసుకుంటాయి. అట్లాంటప్పుడు బయటి నుంచి సెకనుకు 19 దెబ్బలు, నిమిషానికి లెక్కేస్తే 1,140 దెబ్బలు వచ్చి పడితే అవి ఏమనుకోవాలి?

పేస్‌మేకర్ ఆ చప్పుడును గుండె చప్పుడే అనుకుంటే, "గుండె బాగానే కొట్టుకుంటోంది, నా పని లేదు" అని ఆగిపోవచ్చు. గుండె పూర్తిగా పేస్‌మేకర్ మీదే ఆధారపడ్డ మనిషికి ఆ కొన్ని సెకన్లే కళ్ళు తిరిగి పడిపోవడానికి చాలు. ఈ ప్రమాదం తెలిసే తయారుచేసేవాళ్ళు అందులో ఒక కాపలా పెట్టారు. పిచ్చి చప్పుడు వినపడితే వినడం మానేసి, లెక్క ప్రకారం కొట్టుకుంటూ పోతుంది. ఐ.సి.డి. అయితే ఆ చప్పుడును చావు వణుకు అనుకుని పెద్ద షాకివ్వడానికి తయారవుతుంది. అది తయారవడానికి కొన్ని సెకన్లు పడుతుంది. ఈలోగా బయటి షాకు ఆగిపోతే, "సరే, అంతా సర్దుకుంది" అని చాలా యంత్రాలు విరమించుకుంటాయి. ఆగకపోతే? వేలు ట్రిగ్గర్ మీదే ఉండిపోతే? మళ్ళీ మళ్ళీ నొక్కితే? బయటి షాకుకు తోడు లోపలి షాకు కూడా ఆ మనిషే భరించాలి.

అంటే గుండెలో యంత్రమున్న మనిషి భద్రత దేని మీద ఆధారపడి ఉంది? ఒక పోలీసు వేలు 5 సెకన్లకు ఆగుతుందా లేదా అన్నదాని మీద. పోలీసు వేలు ఎక్కడ ఆగుతుందో మనకు తెలుసు కదా.

డాక్టర్లు ఏం చూశారు

ఇవి ఊహలు కావు. 2006లో కెనడా డాక్టర్లు ఒక కేసు ప్రచురించారు. ఐ.సి.డి. పెట్టించుకున్న ఒక స్త్రీకి ఛాతీ మీద టేజర్ తగిలింది. తర్వాత ఆమె యంత్రంలోని రికార్డును చదివారు. యంత్రం టేజర్ కరెంటును గుండె వణుకుగా పొరబడి షాకుకు సిద్ధమైంది. టేజర్ ఆగిపోవడంతో విరమించుకుంది. మేము ఇందాక చెప్పింది అచ్చంగా అట్లాగే జరిగింది.

2007లో అమెరికాలోని డాక్టర్లు పంది మీద ప్రయోగం చేసి ఒక వ్యాసం రాశారు. మొదటి రచయిత ధనుంజయ లక్కిరెడ్డి, పేరును బట్టి మన తెలుగువారే అనుకోవచ్చు. పేస్‌మేకర్లు, ఐ.సి.డి.లు కొన్నింటిని తీసుకుని 5 సెకన్ల ఎక్స్-26 షాకు ఇచ్చి ముందూ వెనకా పరీక్షించారు. 5 సెకన్ల మామూలు షాకుకు ఆ యంత్రాల పనితీరు వెంటనే చెడిపోవడం లేదని తేల్చారు. ఇది నిజాయితీ గల ఫలితమే. మేము దాన్ని కాదనడం లేదు. ఆస్పత్రిలో గుండెకు బయటి నుంచి ఇచ్చే షాకు 200 జౌళ్ళ పైన ఉంటుంది. పేస్‌మేకర్‌ను దాన్ని కూడా తట్టుకునేట్టు తయారుచేస్తారు. ఎక్స్-26 ఒక్కో దెబ్బలో ఒక జౌలు కూడా ఉండదు. కాబట్టి డబ్బా కాలిపోదు, బ్యాటరీ పేలదు.

అయితే ఆ ప్రయోగం ఏం అడిగిందో చూడండి. "యంత్రం పనిచేస్తోందా?" అని అడిగింది. "5 సెకన్లు" అని అడిగింది. "వెంటనే" అని అడిగింది. 15 సెకన్ల సంగతి, భయంతో పరిగెత్తిన మనిషి సంగతి, మందు తాగిన మనిషి సంగతి అది అడగలేదు. అడగని ప్రశ్నకు జవాబు వచ్చేసిందని చెప్పుకునేవాళ్ళతోనే మనకు పేచీ.

అదే 2007లో ఇంకో కేసు వచ్చింది. మా లెక్కలో అన్నింటికంటే పెద్దది ఇదే. పేస్‌మేకర్ ఉన్న ఒక మనిషిని పోలీసులు టేజర్‌తో కొట్టారు. తర్వాత డాక్టర్లు పేస్‌మేకర్ రికార్డు తీశారు. సరిగ్గా షాకు తగిలిన సమయాల్లోనే అతని గుండె కింది గదులు అతివేగంగా కొట్టుకున్నట్టు రెండుసార్లు నమోదై ఉంది. యంత్రం పొరబడలేదు, నిజంగానే గుండె కండరం టేజర్ తాళానికి ఆడింది. అప్పటిదాకా అమ్మేవాళ్ళ వాదన ఏంటంటే, ఈ కరెంటు చర్మం కింద కండరాల్లోనే తిరుగుతుంది, గుండెదాకా పోదు అని. ఆ వాదనకు జవాబిచ్చింది ఒక మనిషి ఛాతీలో కూర్చున్న సాక్షి. ఆ సాక్షికి కులం లేదు, భయం లేదు, లంచం తీసుకోదు, మాట మార్చదు.

గుండెలో యంత్రం ఉంది కాబట్టి ఆ నిజం దొరికింది. యంత్రం లేని మనిషి గుండె కూడా ఆ తాళానికి ఆడదన్న హామీ ఏంటి? అతని గుండెలో రాసుకునేవాడే లేడు. ఆగిపోతే, "గుండె ఆగి చనిపోయాడు" అని కాగితం మీద రాస్తారు. ఎవరి గుండె ఆగకుండా చనిపోతారు మిత్రులారా?

ఎవరి డబ్బు, ఎవరి లెక్క

సైన్సుకు పక్షపాతం ఉండదంటారు. ఉండకూడదు. కానీ సైన్సు చేసే మనిషికి జీతమిచ్చేవాళ్ళుంటారు. 2005లో కంపెనీ డబ్బుతో 9 పందుల మీద ఒక ప్రయోగం జరిగింది. మామూలు షాకు కంటే 15 నుంచి 42 రెట్లు పెంచితే గాని గుండె వణుకు రాలేదని, పంది బరువు పెరిగేకొద్దీ ఆ రెట్లు పెరుగుతాయని అందులో తేలింది. అంటే బక్కపల్చటి ప్రాణికి రక్షణ తక్కువన్న మాట. ఆకలితో పెరిగిన ఒళ్ళు ఎట్లాంటివో మన వాడల్లో చూస్తూనే ఉన్నాం.

2006లో కెనడాలోని టొరంటో డాక్టర్లు 6 పందుల మీద 150 షాకులు ఇచ్చి చూశారు. ఛాతీ మీద ఇచ్చిన 94 షాకుల్లో 74 గుండెను తాకాయి. ఛాతీకి దూరంగా ఇచ్చిన 56లో ఒక్కటీ తాకలేదు. మనిషి భయపడ్డప్పుడు, పెనుగులాడినప్పుడు ఒంట్లో ఊరే అడ్రినలిన్ మందును ఎక్కించి 16 షాకులిస్తే, ఒకసారి గుండె వణుకు, ఇంకోసారి ప్రమాదకరమైన గుండె దడ వచ్చాయి. పోలీసు తుపాకి ఎక్కుపెట్టినప్పుడు భయపడని మనిషి ఉంటాడా? ఆరోగ్యంగా ఉన్న పోలీసు కుర్రాళ్ళు తామే ముందుకొచ్చి, పక్కన డాక్టరుండగా, వీపు మీద షాకు తీసుకుంటే ఏమీ కాలేదని చెప్పే ప్రయోగాలు చాలా ఉన్నాయి. ఆ ఒళ్ళు వేరు, ఆ రోజు వేరు.

అమెరికా ప్రభుత్వ న్యాయ పరిశోధనా సంస్థ 2008లో మధ్యంతర నివేదిక, 2011లో తుది నివేదిక ఇచ్చింది. ఆరోగ్యవంతులైన పెద్దలకు షాకు వల్ల నేరుగా పెద్ద ముప్పు ఉందనడానికి గట్టి వైద్య సాక్ష్యం లేదన్నది. ఆ మాటను అమ్మేవాళ్ళు బాగా వాడుకున్నారు. కానీ చిన్న పిల్లలు, గుండెజబ్బు ఉన్నవాళ్ళు, ముసలివాళ్ళు, గర్భిణులు, వీళ్ళకు ఆ భరోసా వర్తించకపోవచ్చని కూడా అక్కడే ఉంది. ఆ వాక్యాన్ని ఎవరూ బ్యానరు కట్టి చూపించరు.

2009 అక్టోబరులో ఆ కంపెనీయే పోలీసులకు శిక్షణ కాగితం పంపింది. వీలైనంత వరకు ఛాతీకి గురిపెట్టొద్దని అందులో రాసింది. 2012లో ఇండియానా విశ్వవిద్యాలయం గుండె డాక్టరు డగ్లస్ జైప్స్, టేజర్ తగిలాక గుండె ఆగిన 8 మంది కేసులను విశ్లేషించి, టేజర్ గుండె ఆగడానికి కారణం కాగలదని రాశాడు. ఆయన బాధితుల తరఫున కోర్టుల్లో డబ్బు తీసుకుని సాక్ష్యం చెప్పే నిపుణుడని కంపెనీ వాళ్ళు అన్నారు. నిజమే. కంపెనీని సమర్థిస్తూ రాసిన కొందరు నిపుణులు కంపెనీ డబ్బు తీసుకున్నారన్నదీ నిజమే. రెండు వైపులా డబ్బు ఉన్నప్పుడు మనం చూడాల్సింది చనిపోయినవాళ్ళ వైపు ఎవరున్నారని.

చనిపోయినవాళ్ళ లెక్క

రాయిటర్స్ వార్తా సంస్థ 2017లో పెద్ద పరిశోధన ప్రచురించింది. పోలీసులు టేజర్ వాడాక చనిపోయిన 1,005 మంది వివరాలు సేకరించింది. అందులో 153 చావుల్లో టేజర్ కారణమనో, ఒక కారణమనో పోస్టుమార్టం చేసినవాళ్ళే రాశారు. మిగతావాటిలో అన్నింటికీ టేజరే కారణమని మేము అనడం లేదు. అట్లా అనడం తప్పు. కానీ చనిపోయిన ప్రతి పదిమందిలో తొమ్మిది మంది చేతిలో ఆయుధం లేదు. ప్రతి నలుగురిలో ఒకరు మానసిక జబ్బో, నరాల జబ్బో ఉన్నవాళ్ళు. 2018 చివరికి ఆ లెక్క 1,081కి చేరింది. అందులో కనీసం 32 శాతం నల్లవాళ్ళు. అమెరికా జనాభాలో నల్లవాళ్ళు 14 శాతం.

ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూడండి. కరెంటుకు రంగు తెలియదు. మరి ఈ తేడా ఎక్కడిది? తుపాకి పట్టిన చేతిది. ఎవరిని చూసి చెయ్యి తొందరపడుతుందో, ఎవరిని చూసి ఆగుతుందో, ఆ లెక్క ప్రయోగశాలలో తేలదు. వీధిలో తేలుతుంది. మన దేశంలో ఆ లెక్క కులాన్ని బట్టి తేలుతుంది.

"తుపాకి గుండు కంటే ఇది మేలు కదా, చంపే చోట బతకనిస్తుంది కదా" అనేవాళ్ళున్నారు. ఆ వాదనను తేలిగ్గా తీసెయ్యం. గుండు పేల్చాల్సిన చోట దీన్ని వాడి ఒక ప్రాణం నిలిస్తే మాకూ సంతోషమే. కానీ ఆయుధం లేని మనిషి మీద వాడినప్పుడు అది గుండుకు బదులు రాలేదు. మాటకు బదులు వచ్చింది.

2007 అక్టోబరులో కెనడాలోని వాంకూవర్ విమానాశ్రయంలో రాబర్ట్ జెకాన్‌స్కీ అనే పోలండ్ వలసమనిషి చనిపోయాడు. ఆ దేశపు భాష రానివాడు, గంటల తరబడి దిక్కుతోచక తిరిగినవాడు. అతనితో మాట్లాడేవాళ్ళు దొరకలేదు, టేజర్ పేల్చేవాళ్ళు దొరికారు. ఒకసారి కాదు, పలుసార్లు. దాని మీద బ్రెయిడ్‌వుడ్ అనే మాజీ న్యాయమూర్తి విచారణ చేసి, ఈ ఆయుధం ప్రాణం తియ్యగలదని 2009లో తేల్చాడు.

2008లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో ఇంకో రకం సంగతి జరిగింది. ఒక కౌంటీ శవపరీక్ష అధికారి మూడు చావుల నివేదికల్లో టేజర్ ప్రస్తావన రాసింది. కంపెనీ కోర్టుకెక్కింది. ఆ ప్రస్తావన తొలగించాలని కోర్టు ఆదేశించింది. చనిపోయిన మనిషి కాగితం మీద ఏ మాట ఉండాలో తేల్చడానికి కంపెనీ కోర్టుకు పోయిందంటే, ఆ మాటకు ఎంత బలముందో ఆలోచించండి.

మన సంగతి

ఇక మన దగ్గరికి వద్దాం. చిన్నప్పుడు గొంతునొప్పి వచ్చి, మందు దొరక్క, అది కీళ్ళకు పాకి, గుండె కవాటాలను కొరుక్కుతినే జబ్బును రుమాటిక్ గుండెజబ్బు అంటారు. ఒక్క గదిలో పదిమంది పడుకునే ఇళ్ళలో అది ఎక్కువ. అది పేదరికపు జబ్బు. కవాటాల ఆపరేషన్ అయ్యాక కొందరికి పేస్‌మేకర్ కూడా పెట్టాల్సి వస్తుంది. చాలామందికి ఆ జబ్బు ఉన్నట్టే తెలియదు. అమెరికా నివేదిక భరోసా ఇవ్వలేనన్న "గుండెజబ్బు ఉన్నవాళ్ళు" అంటే ఎవరో కాదు, మనోళ్ళే.

పోలీసు కంటికి చొక్కా లోపలి యంత్రం కనపడదు. రాత్రిపూట, గొడవ మధ్యలో, "నా గుండెలో మిషను ఉంది సార్" అన్న మాట ఎవరు వింటారు? మాల మాదిగ నోటి నుంచి వచ్చిన మాటను పగటిపూట వింటేనే గొప్ప.

చట్టం లేదా అంటే ఉంది. డి.కె. బసు కేసులో 1996లో సుప్రీంకోర్టు చెప్పింది. అరెస్టయిన మనిషి అడిగితే అప్పుడే ఒంటిని పరీక్షించి దెబ్బలు రాయాలి, కస్టడీలో ఉన్నంతకాలం 48 గంటలకొకసారి డాక్టరు చూడాలి. 2024 జులై నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 53వ సెక్షన్ అరెస్టయిన మనిషికి వైద్యపరీక్ష జరపాలంటుంది, 56వ సెక్షన్ అతని ఆరోగ్యం, భద్రత అదుపులో పెట్టుకున్నవాళ్ళ బాధ్యతే అంటుంది. కస్టడీ చావును 24 గంటల్లో తెలపాలని 1993లో, అట్లాంటి పోస్టుమార్టాన్ని వీడియో తియ్యాలని 1995లో జాతీయ మానవ హక్కుల కమిషన్ చెప్పింది. చిత్రహింసలకు వ్యతిరేకమైన ఐక్యరాజ్యసమితి ఒప్పందం మీద మన దేశం 1997లో సంతకం పెట్టింది. దాన్ని ఇప్పటికీ ఆమోదించలేదు. చిత్రహింసల నిరోధక బిల్లు 2010లో లోక్‌సభ దాటి, చట్టం కాకుండానే మురిగిపోయింది. సంతకానికీ చట్టానికీ మధ్య కూడా ఒక సందు ఉందన్న మాట.

2021లో యాదాద్రి జిల్లా అడ్డగూడూరు పోలీస్‌స్టేషన్‌లో ఒక దళిత స్త్రీ చనిపోయింది. ఇళ్ళల్లో పనిచేసి బతికే మనిషి. పౌరహక్కుల వాళ్ళు హైకోర్టుకు పోతే, పూడ్చిన శవాన్ని తీసి రెండోసారి పోస్టుమార్టం చెయ్యమని కోర్టు చెప్పింది. అక్కడ కరెంటు తుపాకి లేదు, దాన్ని మేము ఇందులో కలపడం లేదు. మేము చెప్పేది ఒక్కటే. మొదటి పోస్టుమార్టం కాగితాన్నే ఆఖరి మాటగా మన జనం ఒప్పుకోనక్కర్లేదు.

ఏం చెయ్యాలి

మాటలతో ఆగకుండా చేతికి అందే పనులు చెబుతాం.

గుండెలో యంత్రం ఉన్నవాళ్ళకు ఆస్పత్రిలో ఒక కార్డు ఇస్తారు. యంత్రం కంపెనీ, నంబరు, పెట్టిన తేదీ అందులో ఉంటాయి. దాన్ని పెట్టె అడుగున దాచకండి. జేబులో ఒకటి, ఫోనులో ఫోటో ఒకటి, ఇంట్లోవాళ్ళ దగ్గర ఒకటి ఉండాలి. ఊరేగింపుకు, ధర్నాకు వచ్చేటప్పుడు పక్కనున్న ఇద్దరికి చెప్పి రండి. అరెస్టు చేస్తే పదిమంది వినేట్టు చెప్పండి, అరెస్టు కాగితం మీద రాయించండి, డాక్టరు పరీక్ష అడగండి.

ఏ రకమైన కరెంటు షాకు తగిలినా, బాగానే ఉన్నామని ఊరుకోకండి. గుండె పరీక్ష చేయించండి. యంత్రం పెట్టిన ఆస్పత్రికి పోయి దాని రికార్డు చదివించండి, ఆ కాగితం నకలు తీసుకోండి. ఆలస్యం చెయ్యొద్దు. యంత్రం జ్ఞాపకం చిన్నది, కొత్త సంగతులు వచ్చేకొద్దీ పాతవి చెరిగిపోతాయి. ఆత్మరక్షణ పేరుతో ఇంటర్నెట్‌లో ఒంటికి ఆనించి షాకిచ్చే టార్చీలు అమ్ముతున్నారు. గుండెలో యంత్రం ఉన్న మనిషి వాటిని పట్టుకోవద్దు, పిల్లలు వాటితో సరదాకి ఆడొద్దు.

కస్టడీలో చనిపోయిన మనిషికి యంత్రం ఉంటే, శవపరీక్షలో దాని రికార్డు చదవాలని రాతపూర్వకంగా మేజిస్ట్రేటును అడగండి. మనిషి చనిపోయాక కూడా యంత్రంలో రాసుకున్నది చదవొచ్చు. కాల్చే ముందు యంత్రాన్ని తీసెయ్యాల్సిందే, లేకపోతే మంటకు పేలుతుంది. తీసిన దాన్ని పారేయనివ్వకుండా సీలు వేయించండి.

ఇక ప్రభుత్వాన్ని అడగాల్సినవి. ఏ పోలీసు శాఖ అయినా ఈ ఆయుధాలు కొనే ముందు బహిరంగ విచారణ జరపాలి. కంపెనీ డబ్బు ముట్టని డాక్టర్లు పరీక్షించాలి. ఛాతీ మీద కొట్టొద్దని, మళ్ళీ మళ్ళీ కొట్టొద్దని, కట్టేసిన మనిషి మీద, ఆయుధం లేని మనిషి మీద వాడొద్దని నిబంధన కాదు, చట్టమే ఉండాలి. ఎన్ని సెకన్లు నొక్కారో తుపాకి తనలో రాసుకుంటుంది. ఆ లెక్క బాధితుడికి ఇవ్వాలి. గుండెను మళ్ళీ నడిపించే యంత్రం, నడిపించడం తెలిసిన మనిషి అక్కడే ఉండాలి. ఒంటికి ఆనించి షాకిచ్చే పరికరాలను నిషేధించాలని చిత్రహింసల మీద ఐక్యరాజ్యసమితి ప్రత్యేక ప్రతినిధి 2023లో చెప్పారు. మేమూ అదే అడుగుతున్నాం. చిత్రహింసలను నేరం చేసే చట్టం తేవాలి.

మిత్రులారా, ఇక ముందు ఎవరైనా వచ్చి "ఇది భద్రం" అంటే, మూడు మాటలు అడగండి. ఎవరికి భద్రం? ఎన్ని సెకన్లు భద్రం? ఎవరి చేతిలో భద్రం? ఈ మూడింటికీ జవాబు చెప్పినవాళ్ళతో కూర్చుని మాట్లాడదాం. యంత్రాన్ని చూపించి మనిషిని దాచేవాళ్ళతో మాత్రం, మన మనిషిని ముందు చూపించమని అడుగుదాం.

జై భీమ్.